పటేలు చెరుకులో మా మామ నిచ్చెనలు

ఆ రోజుల్లో పొడుగాటి వస్తువులకు ఒక మర్యాద ఉండేది. ఒక మనిషి వెదురుబొంగో నిచ్చెనో భుజాన వేసుకొని నిజామాబాద్ బజారులో నడుస్తూ "హటో, హటో!" అని ఒక్కసారి అంటే చాలు, జనం రెండు పాయలుగా చీలి గోడలకు అంటుకొని నిలబడేవారు. అతను దాటిపోయేదాకా వెనక నుంచి ఎవరూ పేరు పెట్టి పిలిచేవారు కాదు. (పిలిస్తే తిరుగుతాడు. తిరిగితే ఎంతమందికి తగులుతుందో ఎవరికి తెలుసు?) ఇప్పుడు నిచ్చెనలు మడతలుపడి సంచిలో కూర్చుంటున్నాయి. మడతపడే వస్తువుకు దారి ఎవరిస్తారు? నేను ఏది చెప్పినా కొలిచి చెప్పే మనిషిని కనుక ముందే చెప్పేస్తున్నాను, మా మామ నిచ్చెనలు రెండు, ఒక్కొక్కటి ఇరవై రెండడుగులు. వాటివల్ల నేను బోధన్‌లో చెరుకు బండ్ల వరుసలో నిలబడిన కథ చెబితే మా ఇంట్లో పిల్లలు "పెంచి చెబుతున్నావు" అంటారు. ఒక్క అంగుళం కూడా పెంచడం లేదు.

నాకప్పుడు పందొమ్మిదేళ్లు. డిగ్రీ పరీక్షలు రాసి ఇంట్లో ఉన్నాను. మా మామ (అమ్మకు సొంత తమ్ముడు) ఇళ్లకు సున్నాలు, రంగులు వేయించే కాంట్రాక్టరు. ఆయన దుకాణంలో లెక్కలు చూసే ముసలాయన మోర్తాడ్‌లో కూతురి దగ్గరికి వెళ్లిపోవడంతో గల్లా పెట్టె వెనక జాగా ఖాళీ అయింది. ఆ జాగా మీద నా కన్ను పడింది. మా అమ్మకు అది అస్సలు ఇష్టం లేదు. మా వాడలో ఆడపిల్ల అంటే ఒళ్లో చాట పెట్టుకొని బీడీలు చుట్టాలి, దుకాణంలో మగవాళ్ల మధ్య కూర్చొని లెక్కలు రాయకూడదు. అక్కా తమ్ముళ్లు చాలాసేపు వాదించుకున్నాక మామ ఒక తీర్పు చెప్పాడు. "బోధన్ పటేల్ పని అయ్యేదాంక సూద్దాం అక్కా. గా పని మంచిగైతే గల్లా కాడ పిల్లనే కూసుంటది. ఏమన్న గడ్‌బడ్ అయితే చాట నువ్వే తెచ్చియ్యి."

బోధన్ పటేలు అంటే ఆ చుట్టుపక్కల చెరుక్కి పెద్ద రైతు. కొడుకు పెళ్లికి రెండంతస్తుల ఇంటికి సున్నం వేయించే పని మామకు ఇచ్చాడు. మా పనివాళ్లు బస్సులో ముందే వెళ్లి డ్రమ్ముల్లో సున్నం నానబెట్టారు. తీరా చూస్తే అక్కడ దొరికిన నిచ్చెనలు పై అంతస్తుకు అందలేదు. పటేలుకు కోపం వచ్చింది. "రేపు మధ్యాహ్నం చక్కెర ఫ్యాక్టరీ కూత లోపల నిచ్చెనలు నాకు చేరాలె. లేకుంటే పని మా బోధన్ మేస్త్రికి" అని కబురు పెట్టాడు. మా నిచ్చెనలు ఎప్పుడూ ఎడ్లబండి మీద వెళ్లేవి. ఆ వారం బండాయన ఎద్దుకు కాలు బెణికింది. మామ తల పట్టుకొని కూర్చున్నాడు. అప్పుడు నేను నోరు తెరిచాను. "జీపు మీద పెడదాం మామా."

సర్కారు వేలంపాటలో మామ కొన్న జీపు ఒకటి ఉండేది, పైన గట్టి రేకు కప్పుతో. (ఇప్పటివాళ్లు చూస్తే ఎస్‌యూవీ అని మురిసిపోతారు. మాకది ఉత్త జీపు.) నేను టేపు తెచ్చి కొలిచాను. జీపు కప్పు ఎనిమిదడుగులు. ఇరవై రెండులో ఎనిమిది పోతే పద్నాలుగు. ముందుకు ఏడు, వెనక్కు ఏడు. తక్కెడలా సరిసమానం. కాగితం మీద బొమ్మ గీసి చూపిస్తే మామ కళ్లు చెమర్చాయి. కొబ్బరితాళ్లతో బిగించి కట్టాక, చట్టం తెలిసినదాన్ని గనుక వెనక కొసకు ఎర్రగుడ్డ కట్టించాను. మా డ్రైవరు "ముందుకో?" అని అడిగాడు. "ముందు మనమే ఉన్నం గద చాచా, ఎవలకు చెప్పాలె?" అన్నాను. ఎంత తెలివైన జవాబు అనుకున్నానో!

ఈ డ్రైవరును అందరూ హారన్ చాచా అనేవారు. బ్రేకు వేయాల్సిన చోట, మలుపు తిప్పాల్సిన చోట, ఎవరైనా దండం పెట్టిన చోట ఆయన హారనే కొట్టేవాడు. సీట్లో కూర్చొని, బరువుకు వంగి అద్దానికి అడ్డంగా వచ్చిన నిచ్చెన కొసలు చూసి గతుక్కుమన్నాడు. "అరె బేటీ, గిదేంది? నాకు సడక్ కనవడ్తలే, నిచ్చెనే కనవడ్తంది."

"మెట్ల నడిమిట్ల నుంచి సూడు చాచా."

"సడక్ డబ్బాలు డబ్బాలు కనవడ్తంది."

"ఏ డబ్బాల ఖాళీ ఉంటే గా డబ్బాలకే పో!" అని మామ తేల్చేశాడు. ముగ్గురం బయల్దేరాం.

కాగితం మీద నిచ్చెన కదలదు. రోడ్డు మీద కదులుతుందని మొదటి గుంతలోనే తెలిసింది. ముందుకొచ్చిన ఏడడుగులూ పైకీ కిందికీ ఊగుతుంటే, ఎదురొచ్చిన ప్రతివాడికీ మా జీపు వంగి సలాము చేస్తున్నట్టుంది. కొందరు మర్యాదస్థులు తిరిగి సలాము చేశారు కూడా. చౌరస్తాలో చాచా ఎడమకు తిప్పితే వెనక కొస కుడికి విసురుగా తిరిగి, ఒక బట్టల దుకాణం ముందు వేలాడుతున్న పచ్చలంగాను ఎత్తుకొచ్చింది. దుకాణం ఆయన అరుస్తూ వెంటపడి, ఎగిరెగిరి లంగా లాక్కొని, మాకూ మా వంశానికీ నాలుగు మాటలు అప్పజెప్పి వెళ్లాడు. అక్కడి పోలీసాయన జీపు చుట్టూ తిరిగి చూశాడు. (ఆ చుట్టు తిరగడానికి ఆయనకు చాలాసేపు పట్టింది.) చివరికి, "ఏమయ్యా, గిది బండి మీద నిచ్చెనా, నిచ్చెన కింద బండా?" అన్నాడు. మామ వినయంగా "రెండూ సార్" అన్నాడు. ఏమనిపించిందో, చెయ్యి ఊపి పంపేశాడు.

జానకంపేట దగ్గర ఇంకో ముచ్చట. నిచ్చెనలు ఒరుసుకోకుండా కప్పు మీద వాటి నడుముకు నేను తెల్ల దుప్పటి చుట్టించాను. జీపు మెల్లగా పోతుంటే రోడ్డు పక్కన ఒక ముసలవ్వ చెప్పులు విడిచి, చేతులు జోడించి, "ఎవలు పోయిండ్రు బిడ్డా?" అని కండ్లు తుడుచుకుంది.

"ఎవలు పోలే అవ్వా, మేమే పోతున్నం" అన్నాడు మామ.

"అయ్యో, గంత మాట అనకు కొడుకా!" అని అవ్వ ఇంకా గట్టిగా ఏడ్చింది.

ఎడపల్లి దాటాక అసలు కథ మొదలైంది. అది చెరుకు సీజను. మా ముందు ఒక ట్రాక్టరు, దాని వెనక కొండలా చెరుకు నింపిన ట్రాలీ. గతుకు దగ్గర ట్రాక్టరు నెమ్మదించింది. చాచా మొదట హారన్ కొట్టి, తర్వాత బ్రేకు వేశాడు. జీపు చక్కగా ఆగింది. జీపు ముక్కుకూ ట్రాలీకీ మధ్య, పైన చెరుకు వేలాడుతున్నా, కింద ఒక గేదె పట్టేంత జాగా మిగిలింది. కానీ జీపు ముక్కును దాటి ముందుకున్న నిచ్చెన సంగతి ఎవరూ లెక్కవేయలేదు. అది సర్రున చెరుకులో దూరింది. చాచా వెనక్కి తీసేలోపే ట్రాక్టరు కదిలింది. చిక్కుపడిన జడలో దువ్వెన ఇరుక్కున్నట్టు మెట్లు చెరుకు మోపుల్లో పట్టుకున్నాయి. బ్రేకు వేస్తే నిచ్చెనలైనా విరుగుతాయి, కప్పైనా ఊడుతుంది. కాబట్టి ట్రాక్టరు ఎంత పోతే అంత, ఆవు వెనక దూడలాగా మేమూ పోవాల్సిందే.

చాచా జన్మలో ఎన్నడూ కొట్టనంత హారన్ కొట్టాడు. ట్రాక్టరువాడు మేము దారి అడుగుతున్నామనుకొని, వెనక్కి తిరగకుండానే చెయ్యి బయటపెట్టి "రా, రా, దాటిపో" అని దయగా ఊపాడు. మామకు పౌరుషం వచ్చింది. ట్రాక్టరు నడక మనిషి నడక కంటే కొంచెమే ఎక్కువ. ఆయన తలుపు తీసి బానెట్ మీదికి, అక్కడి నుంచి నిచ్చెన మీదికి ఎక్కి, మోకాళ్ల మీద పాకుతూ చెరుకులోకి వెళ్లి, గడలు పట్టుకొని ట్రాలీ కొనకు చేరాడు. నిలబడి రెండు చేతులూ ఎత్తి, "ఆపు, ఆపు!" అని అరిచాడు.

ఇక్కడ మా ప్రాంతం సంగతి ఒకటి చెప్పాలి. చెరుకు బండి పోతుంటే నాలుగు గడలు లాక్కోని మనిషి ఆ రోడ్డు మీద లేడు. ట్రాక్టర్లవాళ్లకు గురువులు నేర్పిన మొదటి పాఠం ఒక్కటే, చెరుకు మీద మనిషి కనబడితే ఆగొద్దు. ఆగితే పదిమంది ఎగబడతారు. ట్రాక్టరువాడు తిరిగి చూశాడు. కొండ మీద మా మామ!

"దొంగ! చెరుకు దొంగ!" అని అరిచి వేగం పెంచాడు.

"దొంగను కానురా, కాంట్రాక్టర్‌ని!"

"ఎవడవైనా ఫ్యాక్టరీ కాడ చెప్పు!"

అలా బోధన్ వచ్చింది. పటేలు ఇంటి సందు మా కళ్లముందే, నిచ్చెన మెట్ల మధ్య ఒక డబ్బాలో కనిపించి, పక్క డబ్బాలోకి మారి, వెళ్లిపోయింది. ట్రాక్టరు నేరుగా ఫ్యాక్టరీ ముందు బండ్ల వరుసలోకి వెళ్లి ఆగింది. మా వెనక ఇంకో ట్రాక్టరు, దాని వెనక ఎడ్లబండ్లు వచ్చి నిలిచాయి. ముందుకు పోలేం, వెనక్కు రాలేం. బండ్లవాళ్లంతా చుట్టూ చేరారు. సరిహద్దు అవతలి నుంచి వచ్చిన మరాఠీ రైతులు ఏమైందని "కాయ్ ఝాలం?" అంటూ తొంగిచూశారు. తలా ఒక సలహా. అందులో ఒక పెద్దమనిషి, "గింత ఎత్తు ఎట్లెక్కుతరు? ఎవలన్న పోయి నిచ్చెన తేండ్రి!" అన్నాడు. అందరూ నా వైపు చూశారు. నేను చెరుకు వైపు చూశాను.

తాళ్లు విప్పి మోపులు దించమని బతిమాలితే ట్రాక్టరువాడు ఒప్పుకోలేదు. "కాంటా కానిది తాడు ముట్టనియ్య. పటేల్ నన్ను చంపుతడు." ఏ పటేలు అని అడిగేలోపే తెల్లధోవతి, తలకు రుమాలు చుట్టిన పెద్దాయన గుంపును తోసుకుంటూ వచ్చాడు. పైకి చూశాడు. "నా చెరుకు మీద కూసున్నోడు ఎవడు?"

పైనుంచి మామ రెండు చేతులూ జోడించాడు. "దండం పటేలా. నేనే, సున్నాలాయనను."

"నిచ్చెనలేవి?"

మామ తన కిందికి వేలు చూపించాడు. పటేలు ముఖం ఎర్రబడింది. "ఇంటి కాడ మీ మనుషులు సున్నం కలుపుకుంట కూసున్నరు. కూత టైం అయ్యింది. ఇగ మీతోని కాదు. మా మేస్త్రికే చెప్త."

మామ ముఖం వాడిపోయింది. నాకు మాత్రం మా అమ్మ చాట తుడిచి, ఆకులు తడిపి నా కోసం వాకిట్లో కూర్చున్నట్టు కళ్లకు కట్టింది. ఆ భయంలో ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో, జీపులోంచి దూకి ఆయన ఎదుట నిలబడ్డాను.

"పటేలా, మీరేమని కబురు పెట్టిండ్రు? కూత లోపల నిచ్చెనలు మీకు చేరాలె అన్నరు. ఇంటికి చేరాలె అన్నరా?"

"గీ పిల్ల ఎవలు?"

"గీ చెరుకు ఎవలది?"

"నాదే."

"ట్రాలీ?"

"అదీ నాదే."

"మరి నిచ్చెనలు మీ చెరుకుల ఏడడుగులు లోపలికి చేరినయి గద!" అన్నాను. అక్కడితో ఆగితే బాగుండేది. కానీ తప్పు లెక్క నోట్లో ఉంటే నాకు ముద్ద దిగదు. "ఏడు గాదు, తప్పైంది. జీపు ముక్కు మీదివి నాలుగు పోతే మూడే. కొలిచి సూపిస్త, టేపు ఉంది" అన్నాను.

"ఊకోవే తల్లీ!" అని పైనుంచి మామ మొత్తుకున్నాడు.

సరిగ్గా అప్పుడే ఫ్యాక్టరీ కూత మోగింది. ఆ కూత ఉన్నంతసేపు ఎవరి మాటా వినిపించదు కాబట్టి అందరం ఒకరి ముఖాలు ఒకరు చూసుకుంటూ నిలబడ్డాం. కూత ఆగేసరికి పటేలు భుజాలు కదులుతున్నాయి. కోపమేమో అనుకున్నాను. నవ్వు! రుమాలు జారి మెడలో పడేదాకా నవ్వాడు. "ముచ్చట కరెక్టే. కూత లోపలనే చేరినయి. మూడడుగులైనా చేరుడు చేరుడే!" అని ట్రాక్టరువాడితో తాళ్లు విప్పించాడు. బండ్లవాళ్లు చక్రం మీదొకరు, భుజాల మీదొకరు ఎక్కి మోపులు దించి, మొదట నిచ్చెనలనూ, తర్వాత మామనూ బయటికి తీశారు.

పని మధ్యాహ్నమే మొదలైంది. నిచ్చెనల కొసలు చెరుకురసంలో నానాయని ఎవరికీ తట్టలేదు. చీమలకు తట్టింది. గోడ మీద కుంచె సగం గీత గీయగానే పనివాడు కాలు గోక్కునేవాడు, గీత వంకర పోయేది. సాయంత్రానికి పటేలు ఇంటి గోడ నిండా అలలు. పెళ్లికొచ్చిన చుట్టాల్లో ఒకాయన అది హైదరాబాద్ ఫ్యాషనా అని అడిగాడట. పటేలు అవునన్నాడట.

పని ముగిసిన మర్నాడు పొద్దున మామ గల్లా పెట్టె వెనకకు నన్ను తీసుకుపోయి, "కూసో బిడ్డా" అన్నాడు. ఎంతగానో కోరుకున్న జాగా. కూర్చున్నాక చూస్తే పెట్టె నా గడ్డం దాకా వచ్చింది. వచ్చినవాళ్ల ముఖాలు కనబడవు, బొజ్జలే కనబడతాయి. నేను ఇంటికి పరుగెత్తి గొంగడి తెచ్చి మడతలు పెట్టి, దాని మీద ఎక్కి కూర్చున్నాను. అప్పుడు బజారంతా కనబడింది. మామ లేడిప్పుడు. దుకాణం ఉన్నచోట ఫోన్లు అమ్ముతున్నారు. కానీ ఆ గొంగడి మీద నిటారుగా కూర్చొని, తాను ఎంతో ఎత్తుకు వచ్చేశాననుకున్న ఆ పిల్ల గుర్తొస్తే ఇప్పటికీ నాకు నవ్వాగదు. కొలిస్తే ఆరంగుళాలు.