నా రిపోర్టులో కనిపించని రెండు ప్రొటీన్లు

ఆ రోజు కొట్లో పైఅర మీది కుక్కర్ పెట్టె దించబోయి కింద కూలబడ్డాను. సత్తెనపల్లిలో మాది స్టీలు సామాన్ల కొట్టు. నేనూ మా ఆయనా కలిసే చూసుకుంటాం. రోజూ అంతకన్నా బరువులు ఎత్తే నాకు ఆ పెట్టె దగ్గర ఊపిరి అందలేదు. అప్పుడు నాకు నలభై నాలుగేళ్లు.

రక్తపరీక్షలో హిమోగ్లోబిన్ ఏడు వచ్చింది. నెలసరి వల్లేనని ఐరన్ మాత్రలు ఇచ్చారు. నాలుగు నెలలు మింగినా రక్తం పెరగలేదు. పొట్టలో కుడివైపు సన్నగా నొప్పి మొదలైంది. గుంటూరు వెళితే గ్యాస్ట్రో డాక్టరు కొలనోస్కోపీ చేసి, పెద్దపేగులో గడ్డ ఉందన్నారు. బయాప్సీలో క్యాన్సర్ అని తేలింది.

ఆ మాట వినగానే నాకు మా అక్క గుర్తొచ్చింది. ఆమెను మాచర్లలో ఇచ్చారు. తొమ్మిదేళ్ల కిందట, నలభై ఒకటో ఏట, పేగు క్యాన్సర్‌తోనే పోయింది. జబ్బు పడ్డాక ఒకసారి ఫోన్ చేసి నాలుగు రోజులు నా దగ్గర ఉండి వెళతానంది. పెళ్లిళ్ల సీజను, కొట్లో తీరిక లేదు. వచ్చే నెల రమ్మన్నాను. వచ్చే నెలకి ఆమె మంచం దిగలేకపోయింది.

ఏడాది తిరక్కుండానే బావ మళ్లీ పెళ్లి చేసుకున్నాడు. నేను అనకూడని మాటలు అన్నాను. రాకపోకలు తెగిపోయాయి. అక్క కూతురు శ్రావణికి అప్పుడు పదిహేనేళ్లు. మాకు పిల్లలు లేరు. ఆ పిల్లను చూడాలని ఎంత ఉన్నా, నేను అన్న మాటలే అడ్డుగా నిలబడ్డాయి.

ఆపరేషన్ చేసి పేగు కుడిభాగం తీసేశారు. కుట్ల దగ్గర చీము పట్టడంతో పదహారు రోజులు ఆసుపత్రిలోనే ఉన్నాను. పూర్తి రిపోర్టు వచ్చాక డాక్టరుగారు మా ఇద్దరినీ కూర్చోబెట్టారు. స్టేజ్ టూ, లింఫ్ నోడ్స్‌లోకి పాకలేదు. ఇక కీమో ఎప్పుడని అడిగాను. ఆయన రెండో పేజీ తిప్పి ఐహెచ్‌సీ అనే పరీక్ష చూపించారు.

"కణాల్లో పడే తప్పుల్ని దిద్దడానికి కొన్ని ప్రొటీన్లు ఉంటాయమ్మా. వాటిలో నాలుగింటిని పరీక్షిస్తాం. మీ గడ్డలో ఎంఎస్‌హెచ్ టూ, ఎంఎస్‌హెచ్ సిక్స్ రెండూ లేవు. మీ స్టేజ్‌లో ఇలా ఉన్నవాళ్లకి జబ్బు తిరగబెట్టడం తక్కువ. కీమో వద్దు, ఫాలో-అప్ చాలు."

నేను దణ్ణం పెట్టబోతుంటే ఆగమన్నారు. ఇది వంశంలో వచ్చే రకం కావచ్చు, మీ ఇంట్లో ఇంకెవరికైనా వచ్చిందా అని అడిగారు. అక్క గురించి చెప్పాను. ఆమె గడ్డకు ఈ పరీక్ష చేశారా అన్నారు. మాకు తెలియదు. ఆమె కాగితాలు ఒక్కటీ మిగల్లేదు. జీన్ టెస్ట్‌కి నా రక్తం తీసుకున్నారు. మూడు వారాలకు అది వంశంలో వచ్చేదేనని ఖాయమైంది. మీ అక్క కూతురికి తప్పకుండా చెప్పాలన్నారు.

అక్క అంత చిన్న వయసులో ఎందుకు పోయిందో తెలియక తొమ్మిదేళ్లు కుమిలాను. జవాబు నా రిపోర్టులో రెండు లైన్లుగా దొరికింది. చెప్పుకుందామంటే అక్క లేదు.

ఇది ఫోన్లో చెప్పే మాట కాదన్నాడు మా ఆయన. మాచర్ల బస్సులో కుట్లు కదలకుండా పొట్టకు దిండు అదిమిపెట్టుకుని కూర్చున్నాను. పిడుగురాళ్ల దాటేదాకా సున్నం లారీల వెనకే నడిచింది బస్సు. శ్రావణి ఇప్పుడు ఒక ప్రైవేటు స్కూల్లో టీచరు. బడి వరండాలోనే నిలబెట్టి మాట్లాడింది. నడుము మీద చెయ్యి పెట్టుకుని నిలబడటం అచ్చం అక్కే. నేను చెప్పిందంతా విని ఒకటే అంది.

"తొమ్మిదేళ్లకి కనపడ్డావు పిన్నీ. అదీ ఈ కబురు తీసుకొని."

రిపోర్టు జిరాక్సు చేతిలో పెట్టి వచ్చేశాను. ఫోన్ వస్తుందని రెండు నెలలు చూశాను. రాలేదు.

ఆరో నెల ఫాలో-అప్‌లో నా సీఈఏ పెరిగింది. అదీ రక్తంలో చూసే ఒక ప్రొటీనే, జబ్బు తిరగబెడితే పెరుగుతుందట. ఒక్కసారి పెరిగితే కంగారు వద్దు, సీటీ స్కాన్ తీసి మళ్లీ చూద్దామన్నారు డాక్టరుగారు. నాకు అన్నం సయించలేదు. మా ఆయన నాకు చెప్పకుండా శ్రావణికి ఫోన్ చేశాడట. మర్నాడు ఆ పిల్లే చేసింది.

"సీటీకి ఎప్పుడు పోతున్నావు పిన్నీ? నేనూ వస్తా. నా రక్తం కూడా ఇస్తా."

నా సీటీలో ఏమీ లేదు. తర్వాతి సారికి సీఈఏ కూడా దిగింది. శ్రావణి రక్తంలో మాత్రం నాకున్న జీన్ లోపమే ఉందని వచ్చింది. కొలనోస్కోపీలో పాలిప్ అనే చిన్న బుడిపె దొరికితే అక్కడికక్కడే తీసేశారు. అది ఇంకా క్యాన్సర్ కాలేదు. ఏటా చూపించుకుంటే చాలన్నారు.

ఇప్పటికి రెండున్నరేళ్లయింది. కొట్టుకు వెళుతున్నాను, బరువులు మాత్రం ఎత్తను. ఏడాదికోసారి మా ఇద్దరికీ కొలనోస్కోపీ ఒకే రోజు పెట్టించుకుంటాం. ముందురోజు శ్రావణి మా ఇంటికి వస్తుంది. పేగు శుభ్రం కావడానికి ఇచ్చే ఉప్పటి మందునీళ్లు చెరో జగ్గు పెట్టుకుని తాగుతాం. మొన్న అలా తాగుతూ నేనేదో చెబుతుంటే ఆ పిల్ల గ్లాసు పక్కన పెట్టి కళ్లు మూసుకుంది. ఏమైందే అన్నాను.

"అమ్మ గొంతు మరిచిపోయా పిన్నీ. నీది అట్టనే ఉంటదంట గదా. మాట్లాడతా ఉండు."

ఏం మాట్లాడానో గుర్తులేదు. చానాసేపు మాట్లాడాను.

నేను చెప్పదలచింది ఒక్కటే. మీ ఇంట్లో ఎవరికైనా పేగులో గడ్డ తీస్తే, తప్పులు దిద్దే ఆ ఎంఎంఆర్ ప్రొటీన్లకి ఐహెచ్‌సీ చేశారా అని డాక్టర్ని అడగండి. ప్రొటీన్లు లేవని వస్తే ఆ కాగితం బీరువాలో దాచకుండా రక్తసంబంధీకులందరికీ తలా ఒక కాపీ ఇవ్వండి. మాటల్లేని వాళ్లకైతే మీరే వెళ్లి ఇవ్వండి. మా అక్క విషయంలో ఆ ప్రశ్న అడగాలని మాకెవరికీ తెలియలేదు.