మరిపెడామె పేరు

తమ్ముణ్ణి బడిలో చేర్పించడానికి పోయిన రోజున ఆ పంతులు నన్ను గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు. పక్కన కుర్చీ ఖాళీగానే ఉంది. అది నేను మరువలేదు. నిజాం రాజ్యం పోయిన మరుసటి ఏడు, ఓటర్ల జాబితా రాయడానికి అదే పంతులు కొత్తవాడలో మా ఇంటికి వచ్చాడు. నేను జంపఖానా నేస్తూ మగ్గం మీంచి లేవలేదు. పీట కూడా వేయించలేదు.

"ఇరవై ఒకటి నిండినోళ్ల పేర్లు చెప్పన్నా. ఆడోళ్లయి గూడ," అన్నాడు.

నాది చెప్పాను.

"అవ్వ పేరు?"

"మరిపెడామె అని రాసుకో. వాడంతా గట్లనే పిలుస్తది."

కన్నతల్లిని అవ్వ అనడం, కోడలై వచ్చినామెను పుట్టినూరితో పిలవడం మా దగ్గర అలవాటు.

"అది ఊరు గదన్నా. ఇట్ల రాస్తే పైన కొట్టేస్తరు."

రాట్నం దగ్గర కండెలు చుడుతున్న అవ్వ చెయ్యి ఆపింది. "బిడ్డా, నా పేరు..." అనబోయింది.

"నువ్వూకో అవ్వా. పరాయి మొగోని ముందర పేరేంది?" అని గద్దించాను.

మర్యాద కోసం కాదు. అతను ఇంకాసేపు నిలబడాలని.

జాబితా కచేరీ గోడకు అంటించిన రోజు అవ్వ పొద్దున్నే తల దువ్వుకుని కూర్చుంది. "చూసిరా కొడుకా, నాది ఉన్నదా? దొరసానికెన్ని ఓట్లో నాకూ అన్నేనట!"

నా పేరుంది. ఆమెది లేదు.

పంతులు కావాలనే కొట్టేయించాడని రెండు పేజీల దరఖాస్తు రాసి కచేరీలో ఇచ్చాను. రాస్తున్నంతసేపూ హాయిగా ఉంది.

గుమాస్తా అది చదివి, పక్క బల్ల దగ్గరున్న పంతులును పిలిచాడు. అతను కోపం చేయలేదు. "పేరు చెప్తే ఇప్పుడే ఎక్కిస్తరన్నా. రేపటితోని గడువు అయిపోతది," అన్నాడు.

గుమాస్తా కలం సిరాలో ముంచాడు. "చెప్పు, మీ అవ్వ పేరు."

నోరు తెరిచాను. నాయన ఉన్నప్పుడు "ఏమే" అనేవాడు. మరిపెడ మామలకు ఆమె అక్క. మాకు అవ్వ. ఎవరి నోటా ఆ పేరు విన్న గుర్తు లేదు.

"దరఖాస్తు రెండు పేజీలు! అవ్వ పేరు మాత్రం తెల్వదు!" అన్నాడు నా వెనక నిలబడ్డ ఒకడు. అందరూ నవ్వారు. పంతులు నవ్వలేదు. అతనూ నవ్వి ఉంటే నాకు కొంత నయంగా ఉండేది.

ఇంటికొచ్చాక పొద్దుగూకేదాకా అడగలేకపోయాను. ఆమెకే అర్థమైంది.

"నీకు తెల్వదు గద," అంది. కోపంగా కూడా అనలేదు. "నీతోని చెప్పి పంపితే మళ్ల ఏం లొల్లి పెట్టుకుంటవో. నేనే వస్త."

మర్నాడు ఆమెను చూసి పంతులు లేచి తన కుర్చీ జరిపాడు. "కూసో అవ్వా. నిమ్మలంగ చెప్పు."

అవ్వ చెప్పింది. ఆ పేరు నేను మొదటిసారి, గుమ్మం దగ్గర నిలబడి, నలుగురితో పాటు విన్నాను.

"గాయన ఎవరు?" అని గుమాస్తా అడిగాడు.

"నా కొడుకు," అంది.

నన్ను కూర్చోమని ఆ రోజు కూడా ఎవరూ అనలేదు. దాని మీద మాత్రం నేను ఎక్కడా దరఖాస్తు పెట్టలేకపోయాను.