పెద్ద పుల్లీ

1951లో ఏలూరు గోనెసంచుల మిల్లులో నా వల్ల ఒక మనిషి పని పోయింది. తప్పు నాది. అతనిదని చెప్పాను.

కొరియాలో యుద్ధం జరుగుతోంది. ఎక్కడో మంచులో సైనికుల ముందు పేర్చే ఇసుక సంచులకు మాకు ఆర్డరు వచ్చింది! మగ్గాల షెడ్డుకు నేను సూపర్‌వైజర్ని. కొత్త మగ్గాలు తెప్పిద్దామంటే ఓడల్లో చోటు లేదు. మూలపడ్డ పాతవాటినే బయటికి లాగాం. విరిగిన పళ్ళచక్రాలను తాడేపల్లిగూడెంలో పోత పోయించి తెచ్చాం. చచ్చాయనుకున్న మగ్గాలు ఒక్కొక్కటే టకటకమంటూ లేస్తుంటే నాకు కాలు నిలవలేదు.

మగ్గాలు లేచాయి గాని నేతగాళ్ళు లేరు. ఆ ఏడు కొల్లేట్లో నీళ్ళు అడుగంటి, చేపలు లేక చాలామంది మా గేటు దగ్గరికొచ్చారు. వలలు అల్లే చేతులు కదా, వీళ్ళకు నేర్పేదేముంది అనుకుని నేరుగా మగ్గాల ముందు నిలబెట్టాను. ఆర్డరు వేళకు పూర్తయితే వాళ్ళందరినీ పర్మనెంటు చేస్తామని మేనేజరు గారు మాటిచ్చారు.

అక్కడైనా ఆగానా! షెడ్డు పైకప్పు కింద తిరిగే పొడవాటి ఇనప ఇరుసును లైన్ షాఫ్ట్ అంటారు. దాని మీది పుల్లీల నుంచి బెల్టులు దిగి మగ్గాలను నడుపుతాయి. వేగం పెరగాలని ఆ పుల్లీలు తీసి పెద్దవి వేయించాను.

"ఏవండీ, మగ్గం గెంతుతోందండీ. షటిల్ నిలవట్లేదండీ," అన్నాడు కొల్లేటి నుంచి వచ్చిన నాగేశు. షటిల్ అంటే నూలును అటూ ఇటూ మోసే, ఇనప మొనలున్న కొయ్య.

"పడవ ఊగితే నీళ్ళలోకి దూకేస్తావా?" అన్నాను. అందరూ నవ్వారు.

ఆ మధ్యాహ్నమే నాగేశు మగ్గం నుంచి షటిల్ ఎగిరి, పక్క మగ్గం మీదున్న యేసుపాదం నుదురు చీల్చింది. కన్ను త్రుటిలో తప్పింది.

"ఎలా జరిగిందయ్యా?" అన్నారు మేనేజరు గారు.

"కొత్తవాడండి. అజాగ్రత్త."

నాగేశు తువ్వాలు దులుపుకుని వెళ్ళిపోయాడు. పెద్ద పుల్లీ తిరుగుతూనే ఉంది.

వారం తిరక్కుండా మిగతా మగ్గాల మీదా నూలు తెగడం, ఆపడం, ముడెయ్యడం. గుడ్డ తగ్గిపోయింది. తెగించి పాత పుల్లీలు వేయించాను. వేగం తగ్గింది, గుడ్డ పెరిగింది! ఎగిరి గంతేసినంత సంబరం. మరుక్షణం నాగేశు ముఖం గుర్తొచ్చింది.

మేనేజరు గారికి ఉన్నదున్నట్టు చెప్పాను. యేసుపాదానికీ చెప్పాను. పడవ మాట్లాడుకుని నాగేశు ఊరు వెళ్ళాను. అతను గట్టున వల బాగుచేసుకుంటున్నాడు.

"పుల్లీ మార్చానయ్యా. తప్పు నాదని మేనేజరు గారికి చెప్పాను. మళ్ళీ రా."

"యేసుపాదం ఏవన్నాడండీ?"

"ముందు నిన్ను తీసుకురమ్మన్నాడు."

"మరి ఆవేళ నవ్వినోళ్ళకో?"

మర్నాడు మగ్గాలన్నీ ఆపించి, అందరి ముందూ చెప్పాను. ఈసారి ఎవరూ నవ్వలేదు. ఆర్డరు వేళకు అందింది. నాగేశుతో సహా అందరూ పర్మనెంటయ్యారు.

తొందరలో ఇనుమును పరుగెత్తించవచ్చు, మనిషి చెయ్యి మాత్రం తన పాటికి తాను నేర్చుకోవాలి. ఆ తర్వాత ఎంత పెద్ద ఆర్డరు వచ్చినా, కొత్తవాళ్ళకు ముందు బెల్టు తీసేసిన మగ్గం మీదే పని నేర్పించాను. చేత్తో తిప్పుకుంటూ నేర్చుకునేవారు. బెల్టు నేనే తగిలించేవాణ్ణి, అదీ కొత్తవాడు తన నోటితో "ఇక వెయ్యండి" అన్నాకే.