బాపు కన్ను డబ్బా

నెల జీతాన్ని ఎలా పంచుకోవాలో చెప్పే వ్యాసాలు ఈమధ్య పత్రికల్లో తరచూ కనిపిస్తున్నాయి. తిండికి ఇంత, అద్దెకు ఇంత, పొదుపుకు ఇంత అని గీతలు గీసి చూపిస్తారు. గీతలు గీయడం నాకూ వచ్చు. హుజూరాబాద్ తాసిల్ కచేరీలో గుమాస్తాగా చేరిన కొత్తలో నా అంత చక్కగా గీసినవాడు అక్కడ మరొకడు లేడు. ఆ గీతల పుణ్యాన మా ఇంట్లో ఒక కన్ను పోయింది.

అప్పుడు నా జీతం తొంభై రూపాయలు. పాన్ దుకాణం వాడి దగ్గర ఏడు ఖాళీ జర్దా డబ్బాలు కొన్నాను. కడిగి, ఎండబెట్టి, ఒక్కోదాని మీద కాగితం అంటించాను. బియ్యానికి ఒకటి, కట్టెలకూ కిరసనాయిలుకూ ఒకటి, బట్టలకు ఒకటి, అలా. ఏడోదాని మీద ‘బాపు కన్ను’ అని రాశాను. నాన్నను బాపు అనీ అమ్మను అవ్వ అనీ పిలవడం మా ఇంటి అలవాటు. బాపుకు రెండు కళ్లలోనూ పొర కమ్ముతోంది. మోతిబిందు, అంటే శుక్లాలు అన్నారు. కుడి కన్ను ముందుగా ముదిరింది. చలికాలంలో కొద్దిరోజులు కరీంనగర్ మిషన్ ఆస్పత్రికి కంటి డాక్టర్ వచ్చేవాడు. ఆపరేషను, మందులు, అద్దాలు అన్నీ కలిపి అరవై రూపాయలవుతుందని కనుక్కున్నాను. నెలకు ఐదు చొప్పున ఏడాదికి అరవై. లెక్కలో తప్పు లేదు. తప్పంతా లెక్క వేసినవాడిలో ఉంది.

ఒక నిబంధన కూడా పెట్టుకున్నాను. ఏ డబ్బాలోంచైనా పైసలు తీస్తే ఎంత తీశానో, ఎందుకు తీశానో చీటీ రాసి అందులో వేయాలి. వచ్చే నెల పైసలు వేసి చీటీ చించాలి. ఈ నిబంధనను మెచ్చుకుంటూ నేనే రాసుకున్న అర పేజీ ఆనాటి డైరీలో ఉంది. ఇప్పుడు చదివితే ఆ పెద్దమనిషి చెవి మెలిపెట్టాలనిపిస్తుంది. తన ఇంట్లో తాను దొంగతనం చేసుకోవడానికి రసీదు పుస్తకం తయారుచేసుకున్నాడు.

నా భార్య మొదటిరోజే అడిగింది. “ఉన్నయే తొంభై రూపాయలు. ఏడు డబ్బాలెందుకయ్యా? అన్ని ఒక్కదాంట్లేసి నాకియ్యి, తాళమేసుకుంట.”

“నీకు పద్ధతి ఎర్కలేదు” అన్నాను.

జీతం రోజు సాయంత్రం ఐదు రూపాయి బిళ్లలు బాపు డబ్బాలో వేసేవాణ్ని. బాపు దాన్ని అడిగి తీసుకుని, చెవి దగ్గర పెట్టుకుని ఆడించేవాడు. చూపు ఆనని మనిషికి అంతకన్నా లెక్క ఏముంటుంది?

“నడుస్తున్నది కొడుకా, నా కన్ను నడుస్తున్నది” అనేవాడు.

ఐదు నెలలు నడిచింది. ఆరో నెలలో తాసిల్దారుకు బదిలీ అయింది. నా పైఅధికారి పేష్కారు నా బల్ల దగ్గరికి వచ్చాడు. “ఏమోయ్, పెద్ద సాబ్ పోతుండు. ఫొటోల నువ్వు లేకుంటె మంచిగుంటదా? మూడు రూపాయలు తియ్యి.” తీశాను. మిగతా డబ్బాలు ఇరవయ్యో తేదీకల్లా ఖాళీ అయ్యేవి కాబట్టి బాపు డబ్బాలోంచే తీశాను. చివరి వరసలో నిలబడ్డాను. మూడు రూపాయలకు నా నుదురు మాత్రం పడింది.

ఆ తర్వాత చేతిగడియారం పట్టీ. ఆ తర్వాత ఉన్ని కోటుకు గుడ్డ. ప్రతిసారీ చీటీ రాశాను, ప్రతి చీటీ చివర ‘వచ్చే నెల తిరిగి వేయవలెను’ అని చేర్చాను. దస్తూరి ముత్యాల్లా ఉంటుంది. ఒక్క చీటీ కూడా చించలేదు.

బాపు చెవి మోసపోయేది కాదు. “సప్పుడు తగ్గిందేంది కొడుకా?”

“బిళ్లలు నోట్లు చేసిన బాపు. నోట్లు సప్పుడు చెయ్యయి.”

బాపు ముఖం విప్పారింది. ఆ సాయంత్రం గడపలో కూర్చుని, వచ్చేపోయే వాళ్లందరికీ చెప్పాడు. “నా కన్ను నోట్లయిందే!”

ఇంతలో పొదుపు వారం వచ్చింది. నా డబ్బాల సంగతి కచేరీ అంతా తెలుసు. బడిలో ఉపన్యాసం నన్నే ఇమ్మన్నారు. పొదుపు గురించి మాట్లాడేవాడు పాత చెప్పులతో వేదిక ఎక్కితే ఏం బాగుంటుందని ఆరు రూపాయలకు కొత్త జత కొన్నాను. ఎక్కడి ఆరు రూపాయలో చెప్పనక్కర్లేదు. “చీటీ రాయకుండా చిల్లిగవ్వ తీయరాదు” అంటే షావుకార్లూ పంతుళ్లూ చప్పట్లు కొట్టారు. మొదటి వరసలో మా అవ్వ చేయి పట్టుకుని వచ్చి కూర్చున్న బాపు అందరికన్నా ఆలస్యంగా ఆపాడు.

చలికాలం వచ్చింది, డాక్టరూ వచ్చాడు. “ఇంక రాలేదట బాపు” అని రెండుసార్లు చెప్పాను. మూడోసారి చెప్పే పని లేకుండా పంటల తనిఖీకి ఊళ్ల మీదికి పంపారు. నాలుగు రోజుల తర్వాత ఆదివారం ఇల్లు చేరాను. డబ్బా మూత లేకుండా నట్టింట్లో ఉంది. నా భార్య వంటింట్లోంచి బయటికి రాలేదు. బాపు మంచం మీద కూర్చుని ఉన్నాడు.

“పక్కింటాయన ఆస్పత్రిల కంటికి పట్టి కట్టించుకొని ఒచ్చిండు” అన్నాడు బాపు. “డాక్టర్ శనివారం పోతుండట. ఇగ నీకోసం సూడలే. మీ అవ్వను తోలుకొని బస్సెక్కిన.”

నేను డబ్బా చేతిలోకి తీసుకుని మూత కోసం వెతికాను.

“పైసలు కట్టే కిటికీ కాడ డబ్బ ఇచ్చిన. నా కొడుకు సర్కారు నౌకరి, అండ్ల నోట్లున్నయి, తీస్కొండ్రి అన్న. నర్సమ్మ మూత తీసింది. గివి నోట్లు కాదు తాతా, చీటీలు అన్నది. సదువు తల్లీ అన్న. ఫొటోకు మూడు, గడియారం పట్టకు రెండున్నర, సదివింది. ‘పొదుపు సభకు చెప్పులు, ఆరు రూపాయలు’ అనంగనె వరుసల కూసున్నోళ్లంత నవ్విండ్రు. నేను గూడ నవ్విన.” నా వైపు తిరిగాడు. “నా కన్ను తీసి కాళ్లకేసుకున్నవా కొడుకా?”

మూల నుంచి అవ్వ అందుకుంది. “నర్సమ్మ మంచిది. పైసలు మెల్లగ ఇయ్యుండ్రి, ముందుగాల ఆపరేషన్ చేపిస్త అన్నది. ఈయన ఇంటెగా! కొడుకు నౌకరున్నోడు, ధర్మానికి చేయించుకోనని లేచిండు.”

డాక్టర్ మళ్లీ వచ్చేది ఏడాదికి. అప్పు తెస్తాను, హైదరాబాద్ పోదాం అన్నాను. “నీ చీటీలు సాలు” అన్నాడు బాపు.

మరుసటి జీతం రోజు నేను ఇంటికి రాకముందే పోస్టాఫీసుకు వెళ్లాను. బాపు పేరు మీద పాసుబుక్కు తీశాను. అందులోంచి పైసలు తీయాలంటే ఆయన వేలిముద్ర పడాలి. నా పొదుపు శాస్త్రమంతా ఇంతే: పైసలు నా చేతిలో వెచ్చబడకముందే, నా చేయి అందనిచోట పడేయడం. దీనికి గీతలు అక్కర్లేదు, సభ అసలే అక్కర్లేదు. ఆ ఏడాదిలో ఒక్కసారి వేలిముద్ర అడిగాను, బట్టలకు.

“ఒంటిమీద ఉన్నయి బట్టలు కావా?” అని బాపు చేయి దుప్పట్లో దాచుకున్నాడు.

జర్దా డబ్బాల్లో నా భార్య జీలకర్ర, ఆవాలు పోసుకుంది. వాటికి తగిన పని అదే.

పై చలికాలం అరవై రూపాయలు కట్టి చేర్పించాను. డాక్టర్ కుడి కంట్లోకి దీపం వేసి చూసి, దీన్ని చేసి లాభం లేదు, చూపు చచ్చిపోయింది, పోయినేడు తేవలసింది అన్నాడు. ఎడమ కంటికి చేశాడు.

కట్టు విప్పి, మందపాటి అద్దాలు పెట్టి పంపిన రోజు బాపు ఆస్పత్రి మెట్ల మీద నిలబడి నన్ను తల నుంచి కిందికి చూశాడు. చూపు నా కాళ్ల దగ్గర ఆగింది. నాకు వేరే జత లేదు.

“గివేనా?”

“అవే బాపు.”

నా భుజం పట్టుకుని వంగి, ఒక్క కంటితో చాలాసేపు పరిశీలనగా చూశాడు.

“మంచిగనే కుట్టిండు” అన్నాడు. “ఇగ నడువు, బస్సు పోతది.”