ముల్లు మేస్త్రీ కొన్న లంగరు

దుకాణాల్లో కాటాలు బాగుచేసి, ముల్లు నడిమధ్యన నిలిచేదాకా సరిచూసి, సీసం ముద్ర కొట్టడం ఆయన పని. ముప్పై ఎనిమిదేళ్ళు అదే చేశాడు గనక అందరికీ ముల్లు మేస్త్రీ అయ్యాడు. మనిషి మంచివాడే. కాకపోతే తూకంలో తేలనిది ఏదీ నిజం కాదనే మొండితనం ఒకటుంది. తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్ళు, ఆ మూడూ తూచి మరీ చెబుతాడు.

పని మానేశాక ఇద్దరు కూర్చోగల చిన్న తెరచాప పడవ కొన్నాడు. ఆ రెండోచోటు భార్యది. ఆవిడకేమో మూడేళ్ళ కిందట లోపలి చెవికి జబ్బు చేసింది. అప్పటినుంచి వంటింట్లోంచి పడగ్గదికి వెళ్ళాలన్నా గోడ పట్టుకోవాల్సిందే. "గది తిరుగుతోందండీ" అంటే, "ఏదీ తిరగట్లేదు, నీ భ్రమ" అనేవాడు మేస్త్రీ. ధైర్యం చెబుతున్నాననే అనుకునేవాడు పాపం.

ఎంతో బతిమాలగా ఆవిడ ఒక షరతు పెట్టింది. "ఒక్కసారి వస్తా. ఊగితే ఊగనీండి, ఓర్చుకుంటా. కానీ నిలబెట్టిన చోటినుంచి కొట్టుకుపోయిందంటే మర్నాడే పడవ అమ్మేయాలి." మేస్త్రీ ఒట్టేశాడు. ఇక ఆయన ఆశంతా లంగరు మీదే.

పడవ సామాన్ల కొట్టులో దూలానికి మూడు రకాల లంగర్లు వేలాడుతున్నాయి. కొట్టు నడిపే ఆవిణ్ణి రేవులో అందరూ అక్కయ్య అనే పిలుస్తారు. మేస్త్రీ భార్యకి ఆవిడ స్టూలు వేసి కూర్చోబెట్టింది.

"మీరు ఆగే చోట అడుగున ఏముంది తమ్ముడూ?"

"ఇసుక. పైన కాస్త బురద."

"అయితే ఈ నాగలి రకం తీసుకో. దున్నుకుంటూ దిగబడుతుంది, గాలి మళ్ళినా తనే తిరిగి గుచ్చుకుంటుంది. పలకలది కూడా ఇసుకలో పడుతుందిలే, కానీ గాలి తిరిగితే ఊడొచ్చినా రావచ్చు. ఆ కొక్కేలది రాళ్ళలోకి."

మేస్త్రీ సంచిలోంచి తన స్ప్రింగు కాటా తీశాడు. అక్కయ్య నోరు తెరిచి చూస్తుండగానే మూడూ తూచేశాడు. పలకలది నాలుగు కిలోలు, నాగలి ఏడు, కొక్కేలది పదకొండు.

"పదకొండు!" అన్నాడు, పెళ్ళి కుదిరినంత సంబరంగా.

"బరువు కాదయ్యా, పట్టు చూడు. లోతుకి ఐదారు రెట్లు తాడు వదలాలి. కింద గొలుసు నేలమీద పడుకోవాలి. నిటారుగా పైకి లాగావంటే ఎంత బరువైనా లేచొచ్చేస్తుంది."

ఆ మాట చెవిన పెట్టే స్థితిలో లేడు మేస్త్రీ. కొక్కేల లంగరు చంకన పెట్టుకుని బయటపడ్డాడు.

ఆదివారం ఉదయం ఊరి ముందరి పాయలో, మూడు మీటర్ల లోతున లంగరు దించాడు. అది అడుగుకు తగలగానే తాడు బిగించి కట్టేశాడు. వేలాడేదేదైనా నిటారుగా ఉంటేనే తూకం నిజమని బతికిన మనిషి. ఏటవాలు తాడును చూస్తే ఆయనకు పంటికింద రాయి పడ్డట్టే. రొట్టె, ఉడికించిన గుడ్లు తిన్నారు. భార్య పడవ అంచు వదిలి ఒడిలో చేతులు పెట్టుకుంది. అది చూసి మేస్త్రీ ప్రాణం లేచి వచ్చింది.

అంతలో గాలి పెరిగింది.

"ఏవండీ, కదులుతున్నాం."

"ఏం కదలట్లేదు. కింద పదకొండు కిలోలుంది. నీకే తల తిరుగుతోంది."

ఆవిడ ఒడ్డుకేసి చెయ్యి చూపించింది. "ఇందాక ఆ షెడ్డు వెనక నీళ్ళ ట్యాంకు అసలు కనబడలేదు. ఇప్పుడు మొత్తం కనబడుతోంది. నా తల తిరిగితే ట్యాంకు బయటికి వస్తుందా?"

మేస్త్రీ చూశాడు. ట్యాంకు కనబడుతోంది. వెనక్కి తిరిగితే రాళ్ళ గట్టు బాగా దగ్గరికి వచ్చేసింది. తాడు మీద చెయ్యి వేశాడు. అడుగున ఇనుము గీసుకుంటూ వస్తున్న అదురు అరచేతికి తగిలింది.

"నువ్వన్నదే నిజం," అన్నాడు. "కదులుతోంది."

"అయితే తాడు వదలండి. ఐదారు రెట్లని చెప్పింది కదా అక్కయ్య!"

"వంకరగా పోతుందే!"

"పోనీండి. చూడలేకపోతే అటు తిరిగి వదలండి."

మొహం పక్కకు తిప్పుకుని వదిలాడు మహానుభావుడు. చాలు అని ఆవిడ అన్నాక కట్టేశాడు. తాడు ఏటవాలుగా సాగి, ఒక్క కుదుపు కుదిపి బిగిసింది. ఇద్దరూ షెడ్డునీ ట్యాంకునీ కళ్ళార్పకుండా చూశారు. రాళ్ళు అక్కడే ఆగిపోయాయి.

కొట్టుకుపోవడం మాత్రం కొట్టుకుపోయినట్టే. ఒట్టు ఒట్టే.

"రేపు అమ్మకానికి పెడతాలే," అన్నాడు మేస్త్రీ.

"అమ్మొద్దు." ఆవిడ కళ్ళు తుడుచుకుంది. "మూడేళ్ళనుంచి నేను తిరుగుతోందన్నప్పుడల్లా ఏం లేదన్నవాళ్ళే అందరూ. పిచ్చేమోనని నాకే అనుమానం వచ్చేది. ఇవాళ నాకు కదిలింది, మీకూ కదిలిందండీ."

నీ భ్రమ అని ఇన్నాళ్ళలో ఎన్నిసార్లు అన్నాడో మేస్త్రీ లెక్కపెట్టబోయాడు. లెక్క తేలక, ఆవిడ చేతిలో మొహం దాచుకుని ఏడ్చేశాడు.