కుంకుడుకాయతో ఉతికిన ఫిల్టరు

డెబ్భైల చివర్లో మేం కొన్న పాత డీజిల్ వ్యానుకి ఫిల్టర్లు రెండుండేవి. ఒకటి గుడ్డది, ఇంకొకటి కాగితంది. డీజిల్ ముందు గుడ్డలోంచి, తర్వాత కాగితంలోంచి వడకట్టుకుని ఇంజిన్‌కి చేరేది. సారం అనే పేటలో షెడ్డు పెట్టుకున్న మెకానిక్ వాటిని మార్చడం మా పెద్దవాడికి నేర్పించాడు. ఆ తర్వాత నావైపు తిరిగి తమిళంలో రెండుసార్లు చెప్పాడు. గుడ్డది కిరసనాయిల్లో ఉతికి మళ్ళీ వేసుకోవచ్చట, కాగితంది మాత్రం పారేయాలట. నాకు బాగానే అర్థమైంది. నచ్చలేదంతే.

నేను చదివింది మూడో తరగతే. అయినా వడగట్టడం గురించి నాకొకరు చెప్పాలా? కాఫీ, చింతపండు పులుసు, కాచిన నెయ్యి, ముప్పయ్యేళ్ళుగా అన్నీ వడగడుతున్నాను. ఏ వడగుడ్డనీ ఒకసారి వాడి పారేసిన పాపాన పోలేదు.

మా ఇల్లు నడిచింది ఆ వ్యాను మీదే. నేనూ కోడలూ వండితే, పెద్దవాడు సేదరపేట్‌లో ఒక ఫ్యాక్టరీకి మధ్యాహ్నం భోజనాలు తీసుకెళ్ళేవాడు. అప్పటికే రెండుసార్లు వ్యాను దారిలో ఆగిపోయి ఆలస్యమైంది. ఇంకొక్కసారి భోజనం గంట కొట్టాక వస్తే వేరేవాళ్ళని చూసుకుంటామని అక్కడి సూపర్‌వైజరు తెగేసి చెప్పాడు. దాంతో మావాడు భయపడి కొత్త కాగితపు ఫిల్టరు కొని తెచ్చాడు.

ఆదివారం పొద్దున వాడు రెండు ఫిల్టర్ల గిన్నెలూ విప్పాడు. గుడ్డది ఉతికే పని నాది. కాగితందాన్ని కూడా నేనే గిన్నెలో పెట్టి అందించాను. వాడు చూడకుండానే బిగించేసి, "మా అమ్మ మెకానిక్ అయిపోయింది చూడు" అని కోడలితో గొప్పగా చెప్పుకున్నాడు. నేను పెట్టింది కొత్తది కాదు. అంతకుముందు మార్చినప్పుడు చెత్తలోంచి ఏరి, కుంకుడుకాయ రసంలో నానబెట్టి, మేడమీద నీడలో ఆరబెట్టి దాచినది. ఎండలో పెడితే కాగితం పెళుసెక్కుతుందని నీడలో పెట్టాను. అంత జాగ్రత్త నాది.

నాలుగు రోజులు వ్యాను చక్కగా తిరిగింది. మెకానిక్‌లందరూ ఎంత దుబారా మనుషులో అనుకున్నాను. అయిదో రోజు, వడ్డనకి సాయం వస్తానని చెప్పి నేనూ వ్యానెక్కాను. అసలు సంగతి వేరు. కొత్త ఫిల్టరు నా సంచిలో ఉంది. దారిలో సారంలో దిగి, దాన్ని కొన్న కొట్లోనే తిరిగి ఇచ్చేయాలని నా ఎత్తు. తీరా చూస్తే కొట్టు మూసి ఉంది.

గోరిమేడు దాటాక వ్యాను రెండుసార్లు దగ్గి ఆగిపోయింది. వెనకాల అన్నం గుండిగలు, సాంబారు. గంట కొట్టడానికి ఇంకా ముప్పావుగంట ఉంది. మావాడు గిన్నె విప్పాడు. కాగితం సాంబారులో పడ్డ అప్పడంలా మెత్తబడి చీలికలై ఉంది.

"కొత్తది అప్పుడే ఇట్లయిందేమా! డూప్లికేట్ అంటగట్టినాడు ఆ కొట్టాయన. సాయంత్రం పోయి నాలుగు పెడతా వాడికి. ఇప్పుడు ఇంకోటి యాడ దొరుకుతుంది?"

తప్పు కొట్టాయన మీదికి పోతే నాకు ఏ నష్టమూ లేదు. పెద్దరికం దక్కుతుంది. భోజనాలు మాత్రం దక్కవు. సంచిలో చెయ్యి పెట్టాను.

"ఇదో."

"ఇదేంది?"

"కొత్తది."

"మరి ఇది?"

"పాతదే. ఉతికినా."

"ఉతికినావా! దేంతో?"

"కుంకుడుకాయతో."

వాడు నన్నూ, చేతిలోని ముద్దనూ మార్చి మార్చి చూశాడు. "తలంటు పోసినావు సరే, సాంబ్రాణి పొగ కూడా వేయకపోయినావా?"

"నోరు మూసుకోని బిగించురా. అన్నం చల్లారతా ఉంది."

ఫిల్టరు మార్చాక గొట్టాల్లో చేరిన గాలంతా పోతే తప్ప ఇంజిన్ అందుకోదు. ఇంజిన్ పక్కనున్న చిన్న పంపును నేను బొటనవేలితో నొక్కుతుంటే, వాడు పైన మర వదులు చేసి చూస్తున్నాడు.

"ఇంకా బుడగలు వస్తా ఉండాయి. నొక్కు."

"వేలు పోతా ఉందిరా."

"ఉతికేటప్పుడు పోలేదే! నొక్కుమా."

చివరికి బుడగలు ఆగి, డీజిల్ ఒక్కసారిగా చిమ్మింది. సగం నా చీర మీదే పడింది. బండి అందుకుంది.

మేం ఫ్యాక్టరీ గేటు లోపలికి వెళ్ళాక గంట కొట్టారు. సూపర్‌వైజరు గడియారం చూసుకుని దారిచ్చాడు. వడ్డించబోతే మాత్రం నన్ను ఆపాడు. "నువ్వు దూరంగా కూర్చోమ్మా, సాంబారుకి డీజిల్ వాసన పట్టుకుంటుంది." వడ్డనకి సాయమొచ్చిన నేను వ్యానులో ఆ ముద్దని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

ఆ తర్వాత ఎప్పుడు కాగితపు ఫిల్టరు మార్చినా, మావాడు పాతదాన్ని నా కళ్ళముందే సుత్తితో నలగ్గొట్టి పారేసేవాడు. నేను అడ్డు చెప్పలేదు. కొత్తది వచ్చిన అట్టపెట్టెను మాత్రం అడిగి తీసుకునేదాన్ని. బీర విత్తనాలు దాచడానికి అంత గట్టి పెట్టె ఎక్కడా దొరకదు.