గుంజితే విచ్చుకునే మడత

మా సైన్సు సారు పోయారని శుక్రవారం పొద్దున మసీదు మైకులో చెప్పారు. అప్పుడు నేను ఒకాయన లాల్చీకి గుండీలు కుడుతున్నాను. రెండు గుండీలు మిగిలి ఉండగానే షట్టరు దించి పోయాను. ఆ లాల్చీ ఆయన ఇంకా తిడుతూనే ఉన్నాడు. తిట్టనివ్వండి.

నేను పదో తరగతి గట్టెక్కని దర్జీని. జఫర్‌గఢ్‌లో హైస్కూలు ఎదురుగా మా దుకాణం. సారు ఆ బడిలో ఏళ్లకేళ్లు జీవశాస్త్రం చెప్పి, బడి వదిలాక నా బల్ల మీద కూర్చుని చాయ్ తాగేవారు. అట్లా నాకు అబ్బిన చదువే ఇది.

ఆదివారం బడిలో సంతాప సభ పెట్టారు. ఒకప్పుడు టీచర్లకు శిక్షణ ఇచ్చిన ఒక పెద్దమనిషి వచ్చాడు. "ఆయన ప్రతిభను మొట్టమొదట గుర్తించింది నేనే" అని మైకులో చెప్పి కళ్లు తుడుచుకున్నాడు. రుమాలు ఇస్త్రీ మడత చెదరలేదు. ఆయన గుర్తించిన రోజున నేనూ అక్కడే ఉన్నాను. అందుకే ఇది రాస్తున్నాను.

తెలంగాణ కోసం ఊరూరా ధర్నాలు జరుగుతున్న రోజులవి. సారు నెట్ సెంటర్‌లో తీయించిన కాగితాలు పట్టుకుని దుకాణానికి వచ్చారు.

"తమ్మీ, మన ఒంట్లె కణాలు ఇటుకలు కావు. ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుంటయి. పక్కది గుంజితె దీనికి ఎరుకైతది."

"కండ్లు లేవు, చెవులు లేవు. ఎట్ల ఎరుకైతది సారూ?"

"మడతల ఉన్నది ముచ్చటంత."

ఆయన చెప్పింది నాకు అర్థమైనంత చెబుతాను. ఒక కణం పక్క కణాన్ని చేతుల్లాంటి ప్రొటీన్లతో పట్టుకుంటుంది. ఆ చేతికీ కణం లోపలి తాళ్లకూ మధ్య మడతపెట్టి ఉన్న ఇంకో ప్రొటీన్ ఉంటుంది. గుంజుడు తగిలితే ఆ మడత విచ్చుకుంటుంది. అందులో దాగిన చోటు బయటపడుతుంది. అక్కడికి ఇంకొకటి వచ్చి తగులుకుని పట్టును బిగిస్తుంది. గుంజినకొద్దీ గట్టిపడే పట్టు అన్నమాట. ఇద్దరిని కూర్చోబెట్టి చేతులు కలపమంటే ముందు ఫొటో తీసేవాడెక్కడని చూసే కాలంలో, ఈ సంగతి నాకు నమ్మబుద్ధి కాలేదు.

జనగామలో టీచర్ల శిక్షణ ఉంది. అక్కడ ఎవరి పాఠం నచ్చితే వాళ్లను జిల్లా అంతా తిప్పి చెప్పిస్తారు. సారుకు రిటైర్‌మెంటు దగ్గరపడింది. ఆయన పాఠం ఏనాడూ బడి గేటు దాటలేదు. ఆ ఒక్క ఆశతో నా చేత రెండు దూది బస్తాలు కుట్టించారు. వాటికి చేతులు, చేతిలో ఒక మడత, మడతలో ఒక కొక్కెం. మడతకు మాత్రం కచ్చా కుట్టే వేయాలని, గుంజగానే ఊడిపోవాలని మరీమరీ చెప్పారు.

శిక్షణకు బస్తాలు మోసుకుని నేనే పోయాను. సారు మన యాసలోనే పాఠం మొదలుపెట్టి బస్తాలను గుంజారు. మడత విచ్చుకోలేదు. కాలు తన్నిపెట్టి గుంజారు. ఊహూ.

"మాస్టారూ, మీ కణం కూడా మీలాగే మొండిదిలా ఉంది! ముందు నాలుగు ముక్కలు తెలుగు నేర్చుకోండి, సైన్సు తర్వాత చూద్దాం" అన్నాడు శిక్షణ ఇస్తున్న ఆ పెద్దమనిషి. హాలంతా నవ్వింది. నవ్వినవాళ్లలో సగం మంది ఇంటికి పోయి 'గిట్లనా, గట్లనా' అని మాట్లాడేవాళ్లే. పక్కవాణ్ణి గుంజుతుంటే ఎరుక కాని కణాలు కూడా ఉంటాయని ఆ రోజు తెలిసింది. సారు పాఠం అక్కడే ముగిసింది. వేరే ఎవరి పేరో రాసుకున్నారు.

ఇంతకీ ఆ కుట్టు సంగతి. అంత మంది చదువుకున్నవాళ్ల ముందు నా దుకాణం కుట్టు వదులుగా కనబడితే పరువేమవుతుందని, ముందురోజు ఆ మడత మీద మిషనుతో రెండు వరసలు నేనే వేశాను. ఆ పెద్దమనిషి మీద నాకున్న చిన్నచూపులో సగం వాటా నాకే రావాలి.

తిరుగు బస్సులో ఒప్పుకున్నాను.

"నాకెరుకనే. గుంజంగనే కనబడ్డది మిషను కుట్టు" అన్నారు సారు.

"మరి అక్కడ ఎందుకు చెప్పలే సారూ?"

"చెప్తె నిన్ను నవ్వుతుండె. నన్ను నవ్వుడు ఆయనకు అలవాటే." ఒళ్లోని బస్తా మీద ఆ కుట్టును వేలితో తడిమి, "కుట్టు మాత్రం జబర్దస్త్‌గున్నది తమ్మీ" అన్నారు.

కొన్నాళ్లకు తెలంగాణ కోసం సమ్మె వచ్చింది, బళ్లు మూతపడ్డాయి. రోడ్డు పొడుగునా మానవహారం కట్టాం. సారుకు ఒకపక్క నేను, రెండోపక్క గూడూరు దిక్కు తండా నుంచి వచ్చిన ఒక అవ్వ. ఎక్కడో చివర కుర్రాళ్లు ఎగిరి ఊగేసరికి వరుసంతా గుంజుకుపోయింది. సారు తూలారు. అవ్వ ఆయన వేళ్లు వదిలి మణికట్టు దొరకబుచ్చుకుంది.

"చూసినవా తమ్మీ! గుంజేసరికి పట్టు బిగిచ్చింది!" అని సారు కేక.

"ఏమంటుండు గీ సారు?" అంది అవ్వ నాతో.

"నువ్వు పరీక్ష పాసయినవంటుండు అవ్వా."

"ఏం పాసో ఏమో బిడ్డా! ఇడిస్తె పడ్తడని పట్టుకున్న."

సారు ఆమెకు కణాల ముచ్చట మొత్తం చెప్పారు. ఆమె తన భాషలో పక్కామెకు చెప్పింది, ఆమె తన పక్కామెకు. అట్లా ఆ పాఠం చెవినుంచి చెవికి మలుపు దాటి పోయింది. మధ్యలో ఏం కలిసిందో, ఏం పోయిందో గానీ, ఎవరూ నవ్వలేదు.

ఇక చేతులు వదలమని మైకులో చెప్పాక కూడా అవ్వ కొంచెంసేపు వదల్లేదు. వదిలాక సారు రోడ్డు మధ్యలోనే నిలబడి, చొక్కా చెయ్యి పైకి మడిచి మణికట్టును ఎండకు పట్టి చూసుకున్నారు. అవ్వ గాజుల అచ్చులు వరసగా, ఎర్రగా పడి ఉన్నాయి. వెనక బస్సువాడు హారన్ కొడుతూనే ఉన్నాడు.